టెక్సాస్‌కి రావాలా, టెక్సాస్ నుంచి వెళ్ళిపోవాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్ళ కింద న్యూజెర్సీ ఎడిసన్ నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చాం. అప్పట్నించి ఇక్కడికి రావాలనుకునేవాళ్ళు, ఫ్రెండ్స్, ఫ్రెండ్స్ ఫ్రెండ్స్, కజిన్స్, ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఈమధ్య ఇంకో రకం ఫోన్లు మొదలయ్యాయి, "మేము వెనక్కి వెళ్ళిపోదాం అనుకుంటున్నాం, తప్పు చేస్తున్నామా" అని. ఇద్దరికీ పనికొస్తుందని నాకు తెలిసింది ఒకచోట రాస్తున్నా. నేను ఏజెంట్‌ని కాదు, మీరు వచ్చినా రాకపోయినా నాకు వచ్చేదేం లేదు, కాకపోతే ఒక్క లెక్క మాత్రమే చూసుకుని వచ్చి తర్వాత ఇబ్బంది పడ్డ కుటుంబాల్ని దగ్గర్నుంచి చూశా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నిజంగానే అంతమంది వస్తున్నారా, లేక హైపా?

నిజమే. 2010 సెన్సస్‌లో టెక్సాస్ జనాభా 2.51 కోట్లు, 2020కి 2.91 కోట్లు, అంటే పదేళ్ళలో 40 లక్షలమంది పెరిగారు. దానివల్ల అమెరికా కాంగ్రెస్‌లో సీట్లు 36 నుంచి 38 అయ్యాయి, అదే లెక్కలో కాలిఫోర్నియా చరిత్రలో మొదటిసారి ఒక సీటు పోగొట్టుకుంది. ఇప్పుడు జనాభా 3.1 కోట్లు దాటింది.

కానీ వీళ్ళంతా కాలిఫోర్నియా నుంచి ట్రక్కుల్లో సామాను వేసుకుని వస్తున్నారనుకుంటారు చాలామంది, అది కరెక్ట్ కాదు. 2023 జులై నుంచి 2024 జులై దాకా పెరిగిన సుమారు 5.6 లక్షల్లో 3.2 లక్షలు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, దాదాపు 1.6 లక్షలు ఇక్కడ పుట్టిన పిల్లలు (చనిపోయినవాళ్ళని తీసేస్తే), వేరే రాష్ట్రాల నుంచి నికరంగా వచ్చింది 85 వేలే. నికరంగా అన్నమాట గుర్తుంచుకోండి. 2022లో వేరే రాష్ట్రాల నుంచి 6.68 లక్షలమంది వచ్చారు, అదే ఏడాది 4.94 లక్షలమంది వెళ్ళిపోయారు. నలుగురు వస్తుంటే ముగ్గురు వెళ్తున్నారు, ఆ ముగ్గురి గురించి ఎవరూ మాట్లాడరు.

మా ఊరే చూడండి, ఫ్రిస్కో 1990లో 6,141 మంది ఉన్న చిన్న ఊరు, 2020కి 2,00,509.

అసలు ఎందుకొస్తున్నారు?

ముందు ఉద్యోగం. టొయోటా తన అమెరికా హెడ్ ఆఫీస్‌ని కాలిఫోర్నియా టోరెన్స్ నుంచి ప్లేనోకి తరలించి 2017లో ఓపెన్ చేసింది, తర్వాత చార్లెస్ ష్వాబ్ వెస్ట్‌లేక్‌కి, కాటర్‌పిల్లర్ ఇర్వింగ్‌కి, టెస్లా ఆస్టిన్‌కి. ఒక పెద్ద కంపెనీ వస్తే దాని వెనకాల ఐటీ కాంట్రాక్టులు, ఆ కాంట్రాక్టుల వెనకాల మనవాళ్ళు.

రెండోది ఇల్లు. ఇక్కడ అడ్డంగా కొండ లేదు, సముద్రం లేదు (హ్యూస్టన్ వైపు తప్ప), ఊరు నాలుగు దిక్కులా పెరుగుతూనే పోతుంది, పర్మిషన్లు కూడా కాలిఫోర్నియాతో పోలిస్తే తొందరగా వస్తాయి. మేము వచ్చినప్పుడు మా ఇంటి వెనక మొక్కజొన్న చేను ఉండేది, పొద్దున్నే ట్రాక్టర్ శబ్దం వినపడేది, ఇప్పుడక్కడ మూడు వీధుల ఇళ్ళు, ఒక ఎలిమెంటరీ స్కూలు.

మూడోది ఎవరూ చెప్పరుగానీ నా దృష్టిలో మనవాళ్ళకి ఇదే అసలు కారణం, ఇక్కడ ఇప్పటికే మనవాళ్ళు ఉన్నారు. బావగారు ఇర్వింగ్‌లో ఉన్నాడనో, కాలేజీ బ్యాచ్ సగం ప్లేనోలో ఉన్నారనో వస్తారు. ఫ్రిస్కో హనుమాన్ గుడిలో శనివారం నిలబడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది.

స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కదా, అంత డబ్బూ మిగిలినట్టేనా?

ఈ ప్రశ్నకే పెద్ద జవాబు కావాలి.

ఇన్‌కమ్ టాక్స్ లేదన్నమాట నిజం, 2019లో రాజ్యాంగ సవరణ చేసి మరీ గట్టి చేశారు. కానీ స్కూళ్ళు, రోడ్లు, పోలీసులు నడవాలి కదా, ఆ డబ్బు ఇంటి మీద నుంచి వస్తుంది. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే ఒక్క పద్దు కాదు, సిటీ ఒకటి, కౌంటీ ఒకటి, స్కూల్ డిస్ట్రిక్ట్ ఒకటి (పెద్ద భాగం ఇదే), కమ్యూనిటీ కాలేజీ ఒకటి. కొత్త సబ్‌డివిజన్ అయితే మడ్ అనో పిడ్ అనో ఇంకోటి, అంటే ఆ కాలనీకి నీళ్ళ లైన్లు, డ్రైనేజీ, రోడ్లు, పార్కులు వేసిన అప్పు మీరు తీర్చడం. అన్నీ కలిపి చాలాచోట్ల 2 శాతం దగ్గరికి వస్తుంది, మడ్ ఉంటే దాటుతుంది. 5 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే ఏడాదికి 10,000 డాలర్లు. లోన్ మొత్తం తీరిపోయిన తర్వాత కూడా ఇది కడుతూనే ఉండాలి.

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (మీరు ఉండే సొంత ఇంటికి ఇచ్చే మినహాయింపు) వేసుకుంటే కొంత తగ్గుతుంది. స్కూల్ టాక్స్‌కి ఇంటి విలువలో ఇప్పుడు 1,40,000 డాలర్లు తీసేసి లెక్కేస్తారు, 2023 ముందు అది 40,000 మాత్రమే ఉండేది. స్కూల్ రేటు 1 శాతం అనుకుంటే 1,400 డాలర్లు మిగిలినట్టు. ఇంకో లాభం, హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి టాక్స్ వేసే విలువ ఏడాదికి 10 శాతం కంటే పెంచకూడదు. అప్లికేషన్ ఫ్రీ, అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇళ్ళ విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైట్‌లో మీరే వేసుకోవచ్చు, డబ్బులిచ్చి వేయించుకోమని వచ్చే ఉత్తరాలు నమ్మకండి.

ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే కొత్త ఇల్లు కట్టించుకున్నవాళ్ళకి. విలువ జనవరి 1న ఏముందో దాని మీద వేస్తారు, ఆ రోజుకి మీ ఇల్లు పునాది దగ్గరే ఉంటే మొదటి ఏడాది బిల్లు దాదాపు స్థలం మీదే వస్తుంది, చాలా తక్కువ. మీ మంత్లీ పేమెంట్ చూసి "పర్లేదే" అనుకుంటారు, కారు కూడా కొంటారు. రెండో ఏడాది పూర్తి ఇంటి మీద బిల్లు వస్తుంది, ఎస్క్రోలో (టాక్స్, ఇన్సూరెన్స్ కోసం బ్యాంకు మీ దగ్గర నెలనెలా తీసి ఉంచే ఖాతా) డబ్బు చాలదు, బ్యాంకు పాత లోటూ కొత్త రేటూ కలిపి నెలకి ఆరేడు వందలు పెంచుతుంది. మా వీధిలో ఒక తమ్ముడు ఆ లెటర్ పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికొచ్చాడు, ఏదో ఫ్రాడ్ అనుకున్నాడు పాపం, కిచెన్ టేబుల్ మీద ఇద్దరం కాగితం పెన్ను పెట్టి లెక్కేస్తే బ్యాంకు చెప్పిందే కరెక్టు. ఇల్లు కొనేముందు సేల్స్ ఆఫీస్‌లో వేసిచ్చే షీట్ కాకుండా పూర్తి విలువ మీద టాక్స్ ఎంతో మీరే వేసుకోండి.

కాలిఫోర్నియాలో పాత ఇల్లున్నవాళ్ళు ఇంకో విషయం చూడాలి. అక్కడ 1978 నాటి ప్రాప్ 13 అనే చట్టం వల్ల టాక్స్ వేసే విలువ కొన్నప్పటి ధర మీద ఏడాదికి 2 శాతం దాకానే పెరుగుతుంది, ఇక్కడ అంత రక్షణ లేదు. పెద్ద జీతాలు రెండున్న ఇంటికి ఇక్కడ కచ్చితంగా మిగులుతుంది, ఒక్క మామూలు జీతం, పెద్ద ఇల్లు అయితే పెద్దగా మిగలదు. అద్దెకున్నా ఆ టాక్స్ అద్దెలోనే ఉంటుంది. సేల్స్ టాక్స్ 8.25 శాతం దాకా.

ప్రతి ఏడాదీ ప్రొటెస్ట్ చెయ్యండి, అంటే మీ ఇంటికి కట్టిన విలువ ఎక్కువని అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి అభ్యంతరం చెప్పండి. సాధారణంగా మే 15 ఆఖరు తేదీ.

ఇల్లయితే చౌక కదా?

న్యూయార్క్, బే ఏరియాతో పోలిస్తే చౌకే. 2021, 22లో మాత్రం ఇక్కడా పిచ్చిగా పెరిగాయి, ఆస్టిన్‌లో 2022లో పీక్‌లో కొన్నవాళ్ళు ఆ తర్వాత ధరలు పడిపోయి ఇప్పటికీ బాధపడుతున్నారు.

ధర కాకుండా రెండు ఖర్చులు లెక్కలో వేసుకోండి. ఒకటి వడగళ్ళు. ఇక్కడ మార్చి నుంచి జూన్ దాకా నిమ్మకాయంత, ఒక్కోసారి బేస్‌బాల్ అంత పడతాయి, రూఫ్ పోతుంది, కారు పోతుంది. అందుకే హోమ్ ఇన్సూరెన్స్ ఎక్కువ, పైగా గాలి, వడగళ్ళకి డిడక్టిబుల్ ఇంటి విలువలో 1 శాతమో 2 శాతమో ఉంటుంది, అంటే 5 లక్షల ఇంటికి 2 శాతమైతే మొదటి 10,000 డాలర్లు మీ జేబులోంచే. మాకు రూఫ్ పోయినప్పుడు తలుపు కొట్టి వచ్చిన ఒక కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చాం, మూడు నెలలు తిప్పాడు, ఆ మూడు నెలలూ వాన మబ్బు పట్టినప్పుడల్లా అటక మీద బకెట్లు సర్దుకున్నాం. లోకల్ అడ్రస్ లేనివాళ్ళకి ముందే డబ్బులివ్వకండి.

రెండోది నేల. డాలస్ చుట్టూ ఉన్నది మన గుంటూరు, కర్నూలు రైతులకి బాగా తెలిసిన నల్లరేగడి లాంటి నేలే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆగస్టులో గోడ పక్కన వేలు పట్టేంత సందు వస్తుంది, దాంతోపాటు ఫౌండేషన్ కదులుతుంది, తలుపులు పట్టేస్తాయి, గోడ మూలల్లో పగుళ్ళు. అందుకని ఇంటి చుట్టూ సోకర్ హోస్ (నీళ్ళు కొద్దికొద్దిగా కారే పైపు) పరిచి పునాదికి నీళ్ళు పెడతాం. మా నాన్న మొదటిసారి చూసి, "ఇంటికి నీళ్ళు పెట్టడం ఏంట్రా" అన్నారు, ఆ సందులో పుల్ల పెట్టి చూసి మట్టి చేతిలోకి తీసుకుని నలిపాక, "మన చేలో మట్టే ఇది, పెట్టు పెట్టు" అన్నారు.

ఎండలు తట్టుకోగలమా?

రెంటచింతల, రామగుండం ఎండ చూసినవాళ్ళకి వేడి కొత్త కాదు. 2011లో డాలస్‌లో 71 రోజులు 100 ఫారెన్‌హీట్ దాటింది, 1980లో వరసగా 42 రోజులు. ఏసీ ఉంటుంది కాబట్టి తట్టుకుంటారు, తట్టుకోలేనిది ఏంటంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పిల్లలు సాయంత్రం ఏడున్నర దాకా బయటికి వెళ్ళలేకపోవడం.

2021లో కరెంటు పోయింది కదా, మళ్ళీ పోతుందా?

ఆ ఫిబ్రవరిలో 45 లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి ఎర్కాట్ అనే సొంత గ్రిడ్ ఉంది, పక్క రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకోవడానికి లైన్లు చాలా తక్కువ, గడ్డకట్టే చలికి గ్యాస్ సప్లై, ప్లాంట్లు ఒకేసారి ఆగిపోయాయి. మా ఇంట్లో రెండు రోజులు లేదు. హాల్లో టెంపరేచర్ 46 ఫారెన్‌హీట్, అందరం ఒకే గదిలో పడుకున్నాం, పాపకి రెండు స్వెట్టర్ల మీద వాళ్ళ నాన్న జాకెట్ తొడిగి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా, గ్యాస్ స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించుకుని రసం కాచుకుని తాగాం. పక్కింటివాళ్ళది ఎలక్ట్రిక్ స్టవ్, వాళ్ళూ మా ఇంట్లోనే తిన్నారు. ఆ తర్వాత ప్లాంట్లు చలికి తట్టుకునేలా చెయ్యాలని చట్టం చేశారు, సోలార్, బ్యాటరీలు బాగా పెరిగాయి. అయినా నేను ప్రతి డిసెంబర్‌లో నీళ్ళ క్యాన్లు నింపుతా, పైపులకి కవర్లు వేస్తా, మీరూ వెయ్యండి.

డాలస్, హ్యూస్టన్‌లో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి, ఆస్టిన్, శాన్ ఆంటోనియోలో సిటీదే. హోల్‌సేల్ రేటుకి ముడిపెట్టిన ప్లాన్ తీసుకున్నవాళ్ళకి 2021లో ఆ కొద్దిరోజులకే వేల డాలర్ల బిల్లులొచ్చాయి, ఫిక్స్‌డ్ రేటే తీసుకోండి.

పిల్లల చదువు బాగుంటుందా?

స్కూళ్ళు బాగుంటాయి, ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ఆస్టిన్ వైపు రౌండ్ రాక్, లియాండర్, హ్యూస్టన్ వైపు కేటీ, అన్నీ మంచివే. కానీ ఎనిమిదో క్లాసు పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్ళు ఒక విషయం తప్పకుండా తెలుసుకోవాలి. 1997లో చేసిన చట్టం ప్రకారం టెక్సాస్ హైస్కూల్లో క్లాసులో టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి మాత్రం అది 6 శాతంగా ఉండేది, 2026 ఫాల్ నుంచి 5 శాతం చేశారు. పైగా ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్‌కి గ్యారంటీ కాదు.

అంటే మీ పిల్ల దేశంలో ఎక్కడైనా మంచి స్టూడెంటే అయినా, అలాంటి పిల్లలే 500 మంది ఉన్న క్లాసులో మొదటి 25 మందిలో ఉండాలి. రెండు మార్కుల కోసం తొమ్మిదో క్లాసు నుంచే ఏ సబ్జెక్ట్ తీసుకుంటే జీపీఏ వెయిట్ ఎక్కువో లెక్కలేసుకుంటున్నారు, ఇష్టమైన ఆర్ట్ క్లాసు, బ్యాండ్ మానేస్తున్నారు. మంచి స్కూల్ అని అందరం ఒకే నాలుగు జిప్‌కోడ్‌లకి ఎగబడి మన పిల్లల మీద మనమే ఒత్తిడి పెంచుతున్నాం అనిపిస్తుంది నాకు. కొంచెం దూరంగా, పోటీ తక్కువ ఉన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నవాళ్ళ పిల్లలు హాయిగా చదువుకుని యూటీకి వెళ్ళడం కూడా చూశాను.

హెచ్1బి మీద ఉన్నాం, ఊరికే మూవ్ అవ్వచ్చా?

అవ్వకూడదు. రిమోట్ అయినా సరే, పనిచేసే చోటు వేరే మెట్రో ఏరియాకి మారితే మారకముందే కంపెనీ అమెండ్‌మెంట్ ఫైల్ చెయ్యాలి. గ్రీన్ కార్డ్ పెర్మ్ (కంపెనీ చేసే లేబర్ సర్టిఫికేషన్) కూడా ఉద్యోగం ఉన్న చోటుకి ముడిపడి ఉంటుంది, మధ్యలో ఉంటే లాయర్‌ని అడగకుండా ఇల్లు అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. అడ్రస్ మారాక 10 రోజుల్లో ఏఆర్-11, అంటే కొత్త అడ్రస్ ఇమిగ్రేషన్‌కి తెలిపే ఫారం, పంపాలి.

అమ్మానాన్న వస్తే వాళ్ళకి బాగుంటుందా?

చలి తక్కువ, గుడి దగ్గర, మాట్లాడ్డానికి తోటి పెద్దవాళ్ళు ఉంటారు. చలికాలం మధ్యాహ్నాలు మా పార్కులో ఒక పెద్ద బెంచీ దగ్గర ఏడెనిమిదిమంది నాన్నలు చేరి ఊళ్ళో పొలాల రేట్ల గురించి మాట్లాడుకుంటుంటారు, వాళ్ళని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ కారు లేకపోతే ఇక్కడ కాలు కదపలేరు. ఎడిసన్‌లో మా అమ్మ ఓక్ ట్రీ రోడ్డుకి తనే నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చేది, ఇక్కడికొచ్చాక "నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తావా" అని అడగాల్సి వచ్చింది, ఆ అడగడమే ఆవిడకి కష్టమైంది. వీలైతే అక్టోబర్‌లో వచ్చి మార్చిలో వెళ్ళేలా టికెట్లు బుక్ చెయ్యండి.

వెళ్ళిపోయేవాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారు?

ఎక్కువమంది ఉద్యోగం వల్లే. 2020, 21లో రిమోట్ అని వచ్చినవాళ్ళని కంపెనీలు ఆఫీసుకి రమ్మన్నాయి, ఇక్కడ అదే జీతానికి ఉద్యోగం దొరకలేదు. 2022లో కాలిఫోర్నియా నుంచి ఇక్కడికి లక్షా రెండు వేలమంది వచ్చారు, అదే ఏడాది ఇక్కణ్ణించి కాలిఫోర్నియాకి 42 వేలమంది వెళ్ళారు. ఫ్లోరిడా, కొలరాడో, ఓక్లహోమాకి కూడా చాలామందే వెళ్తారు.

తర్వాత టాక్స్, ఇన్సూరెన్స్ ఏడాదికేడాది పెరిగి మొదట వేసుకున్న లెక్క తప్పడం. తర్వాత ఆరోగ్యం, చట్టాలు. హెల్త్ ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతం దేశంలో ఇక్కడే ఎక్కువ, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) విస్తరించలేదు, ఉద్యోగం పోతే ఆధారం తక్కువ. 2022 నుంచి అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం, తల్లి ప్రాణానికో, ముఖ్యమైన శారీరక పనితీరుకో తీవ్ర ప్రమాదమైతేనే మినహాయింపు. మాకు బాగా దగ్గరైన ఒక జంట, ఆ అమ్మాయికి మొదటి ప్రెగ్నెన్సీ చాలా కష్టంగా గడిచింది, రెండోది ప్లాన్ చేసుకునేముందే ఇల్లు అమ్ముకుని వాషింగ్టన్ స్టేట్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరూ తప్పుపట్టకూడదు. ఇంకొంతమందికి కొండ, సముద్రం కావాలి, నాలుగు గంటలు డ్రైవ్ చేసినా ఇంకా టెక్సాస్‌లోనే ఉంటాం మరి.

వెళ్ళేముందు ఒకటి చూసుకోండి. గత ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ ఇంట్లో ఉంటే, ఇల్లు అమ్మిన లాభం మీద 2.5 లక్షలు, భార్యాభర్తలకి 5 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ టాక్స్ ఉండదు.

డాలసా, హ్యూస్టనా, ఆస్టినా?

ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ. ఆయిల్, హాస్పిటల్స్ అయితే హ్యూస్టన్, కాకపోతే 2017 హార్వే తుఫాను వరదలు, 2024 బెరిల్ తుఫాను అప్పుడు 20 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోవడం మర్చిపోకండి, ఫ్లడ్ మ్యాప్ చూడకుండా కొనద్దు, ఫ్లడ్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. చిప్స్, టెక్ అయితే ఆస్టిన్. అన్నీ కలిపి, ఒకటి పోతే ఇంకోటి దొరకాలంటే డాలస్.

వచ్చాక మొదట ఏం చెయ్యాలి?

కారు రిజిస్ట్రేషన్ 30 రోజుల్లో, లైసెన్స్ 90 రోజుల్లో. డిపిఎస్ (లైసెన్సులిచ్చే ఆఫీసు) అపాయింట్‌మెంట్లు తొందరగా దొరకవు, రాకముందే ఆన్‌లైన్లో పట్టుకోండి. టోల్ ట్యాగ్ మొదటి రోజే తీసుకోండి, లేకపోతే ప్లేట్ ఫోటో తీసి ఎక్కువ రేటుతో బిల్లు పంపిస్తారు.

వెంటనే కొనాలా, అద్దెకుండాలా?

ఒక ఏడాది అద్దెకుండండి, ఏప్రిల్ వడగళ్ళూ ఆగస్టు ఎండా రెండూ కవర్ అయ్యేలా. ఇల్లు నచ్చితే వర్కింగ్ డే రోజు సాయంత్రం ఐదింటికి ఆఫీసు నుంచి ఆ ఇంటికి ఒకసారి డ్రైవ్ చేసి టైమ్ రాసుకోండి, టోల్ ఎంతైందో కూడా. తర్వాత అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఆ వీధిలో ఐదేళ్ళ కింద కట్టిన ఇల్లు ఒకటి తీసి, దాని విలువ, టాక్స్ ఏటేటా ఎలా పెరిగాయో చూడండి, అందరికీ కనపడేలా అక్కడే ఉంటుంది. ఆ కాగితం ప్రింట్ తీసుకుని ఇంట్లో ఇద్దరూ కూర్చుని చూశాకే అడ్వాన్స్ కట్టండి. సందేహం ఉంటే పంపండి, నేను కూడా చూసి చెప్తా.